ఏ దారిన వచ్చావు?

మా ఊళ్ళో చుట్టం గుమ్మం ముందు నిలబడగానే కాళ్ళకి నీళ్ళిచ్చేవాళ్ళు. చెంబు చేతికందిస్తూ అడిగే మొదటి మాట "బాగున్నారా?" కాదు, "ఏ దారిన వచ్చేరు?" అని. బాగోగులు, పెళ్ళిళ్ళ కబుర్లు ఆ తర్వాతే. కొత్తగా సంబంధం కలుపుకున్నవాళ్ళు ఇదేం పలకరింపురా బాబూ అనుకునేవాళ్ళు. మాది కొల్లేరు సరస్సు మధ్యలో ఉన్న లంక మరి. మనిషి ఏ దారిన వచ్చాడో తెలిస్తే నీళ్ళెక్కడిదాకా ఉన్నాయో తెలిసిపోయేది. ఏ గట్టుకి గండి పడింది, ఏ కోడులో, అంటే నీటిపాయలో, దిగి నడవచ్చు, రేపు పిల్లల్ని బడికి దోనె ఎక్కించాలా నడిపించాలా, అన్నీ ఆ ఒక్క జవాబులో ఉండేవి.

మా మామ్మకైతే జవాబు కూడా అక్కర్లేదు. అరుగు మీద కూర్చుని వచ్చినవాళ్ళ కాళ్ళు చూసేది. మోకాళ్ళ దాకా నల్లటి బురద, దానిమీద పచ్చటి నాచు పీచు అంటుకుని ఉంటే మావుల దారి, అంటే చేపలు పట్టే బోనులు పెట్టేవైపు. చీలమండల దాకా మాత్రమే తడిసి, వేళ్ళ సందుల్లో గడ్డిగింజలు ఇరుక్కుని ఉంటే పెద్దగట్టు. పాదాలు బూడిద పూసినట్టు తెల్లగా ఉంటే నడి కొల్లేట్లోంచి అడ్డంగా పడి వచ్చారన్నమాట. ఒకసారి మా మేనత్త భర్త, మా మావయ్య, "పెద్దగట్టు మీంచే వచ్చేనండి" అన్నాడు. మామ్మ ఆయన కాళ్ళకేసి ఓసారి చూసి, "అలాగా బాబూ. మరి కల్లుపాక దగ్గర మడుగులో పనేం పడింది?" అంది. ఆ పూట మావయ్య తల ఎత్తకుండా అన్నం తిన్నాడు.

కొల్లేరు తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు చెప్పాలి. అటు గోదావరి, ఇటు కృష్ణ వేల ఏళ్ళపాటు మట్టి తెచ్చిపోసి చెరో పక్కా మెరక చేసుకుంటే మధ్యలో మిగిలిపోయిన పల్లం మాది. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు వచ్చి ఇందులోనే పడతాయి. పైన వరిచేలకి పెట్టిన నీళ్ళు మురుగు కాలవల్లో దిగి ఇక్కడికే చేరతాయి. బయటికి పోవడానికి ఉన్నది మాత్రం ఒక్క ఉప్పుటేరు. సుమారు 60 కిలోమీటర్లు వంకర్లు తిరిగి సముద్రంలో కలుస్తుంది. సముద్రం పోటు మీదుంటే అదీ మొరాయిస్తుంది. లోపలికి రావడానికి నాలుగు గుమ్మాలు, బయటికి పోవడానికి ఒక్క దొడ్డిదారి ఉన్న ఇల్లు అనుకోండి. వానాకాలం ఆ ఇంట్లో చుట్టాలు నిండిపోతారు, వేసవికి ఎవరూ ఉండరు. సరస్సు లోపల 46 ఊళ్ళు, చుట్టూ అంచున 76 ఊళ్ళు అని లెక్క చెబుతుంటారు. లోపలి వాటిని ఆఫీసు కాయితాల్లో బెడ్ గ్రామాలంటారు, అంచున ఉన్నవి బెల్ట్ గ్రామాలు. మేం మాత్రం లంకోళ్ళం, వాళ్ళు గట్టోళ్ళు.

మా ఊరికి ఏడాదికి మూడు దారులుండేవి. శ్రావణం నుంచి కార్తీకం దాకా నీటిదారి. తాటిమొద్దు తొలిచి చేసిన దోనెలో ఒక పెద్దమనిషి, ఇద్దరు పిల్లలు, మూడు పుస్తకాల సంచులు పడతాయి. ఇంకొకడెక్కి తుమ్మితే అందరం నీళ్ళలోనే. దాని గురించి ఎక్కువ రాయను, ఇవాళ నడక గురించి రాద్దామని కూర్చున్నాను. రెండోది మార్గశిరం నుంచి మాఘం దాటేదాకా గట్లదారి. ఊరి నుంచి తారురోడ్డుకి సూటిగా అయితే మూడు మైళ్ళుండదు, గట్ల మీద తిరిగి తిరిగి పోతే అయిదు. మూడోది ఎండాకాలం దారి. అదసలు దారే కాదు, ఎటు చూస్తే అటే.

ఈ గట్లదారి దానంతట అది తేలేది కాదు. నీళ్ళు తీసినంత మాత్రాన కిందటేడు నడిచిన చోటే ఈ ఏడూ నడవచ్చని లేదు. వరద ఒక గట్టు కోసేసేది, ఇంకోచోట ఇసుక మేట వేసేది, మొన్నటిదాకా గట్టి నేల అనుకున్నది ఊబి అయి కూర్చునేది. కార్తీక పౌర్ణమి వెళ్ళాక నాలుగైదు రోజులు చూసి, మా తాతయ్యా, మావులు కట్టే పక్కింటి బాబాయ్ కలిసి దారి వెతకడానికి బయల్దేరేవాళ్ళు. నాకు తొమ్మిదో ఏడు వచ్చిన సంవత్సరం నన్నూ తీసుకెళ్ళారు. నా చేతికి ఓ మోపు కిక్కిస కర్రలిచ్చారు. వాటి కొసలకి తాటాకు ముళ్ళు వేసి ఉన్నాయి.

తాతయ్య చేతిలో తనకంటే బారెడు పొడుగున్న వెదురు గెడ. నీళ్ళు తొడల దాకా ఉన్నచోట దాన్ని ముందుకి గుచ్చేవాడు. ఆగిందా, లోపల పాత గట్టు ఉన్నట్టు. జుర్రుమని దిగిపోయిందా, పక్కకి జరిగి మళ్ళీ గుచ్చడం. ఏమీ తేలకపోతే గెడ పైకి లాగి, కొసకి అంటిన మన్ను రెండు వేళ్ళతో నలిపి వాసన చూసేవాడు. కుళ్ళిన గుడ్డు వాసన వేస్తే అది ఆకులూ తుంగా చివికి పేరుకున్న అడుసు, మనిషి నిలవడు. వేళ్ళ మధ్య గరగరలాడుతూ వాసన లేకుండా ఉంటే ఎప్పుడో ఎవరో పారతో వేసిన మట్టి. నాకూ నలపమని ఇచ్చాడు. నాకు రెండూ ఒకేలా అనిపించాయి. "నీ ముక్కుకింకా గట్టుగాలి ఒదల్లేదురా" అన్నాడు. ఎందుకంటే అంతకు ముందు నెలంతా నేను అమ్మమ్మగారి ఊళ్ళో, అంటే గట్టు మీది ఊళ్ళో ఉండి వచ్చాను.

గట్టి నేల దొరికిన చోటల్లా ఒక కిక్కిస కర్ర పాతాలి. ఒక ముడి ఉంటే తిన్నగా పో అని. రెండు ముళ్ళుంటే ముందు బోదె ఉంది, చూసి దిగు అని. తాటాకు ముడి ఎటు వంగి ఉంటే అటు తిరగాలి. మధ్యాహ్నానికి నా మోపు అయిపోయింది, జలగలు మూడు పట్టాయి. తాతయ్య మొలలోంచి సున్నం కాయ తీసి, వేలి కొసన కాస్త సున్నం వాటి తలల మీద రాశాడు. అవి ముడుచుకుని రాలిపోయాయి గానీ రక్తం సాయంత్రం దాకా కారుతూనే ఉంది. నాకైతే గొప్పగా ఉంది. బళ్ళో చూపించుకోవచ్చు.

కర్రలు పాతితే దారి అయిపోయినట్టు కాదు. మర్నాడు ఊళ్ళో గేదెలన్నిట్నీ ఆ కర్రల వెంట తోలేవాళ్ళు. రెండు మూడు రోజులు అవి తొక్కీ తొక్కీ అడుసు కిందికి దిగి మన్ను బిగిసేది. తర్వాత గంపలు నెత్తిన పెట్టుకుని ఆడవాళ్ళు బారుగా నడిచేవాళ్ళు. ఆ వారానికి గట్టు నడుం మీద మనిషి పాదమంత వెడల్పున నున్నటి గీత కనపడేది. అప్పుడు "పిల్లబాట పడింది" అని చెప్పుకునేవాళ్ళు. మన భాషలో బాటని ఎవరూ వెయ్యరు చూడండి, అది పడుతుంది. రోడ్డునైతే వేస్తారు.

గుర్రపుడెక్క గురించి చెప్పకపోతే మా ఊరివాళ్ళు నన్ను తిడతారు. ఊదారంగు పూలతో పచ్చగా, తివాచీ పరిచినట్టు, చూస్తే పడుకోవాలనిపిస్తుంది. దాని కింద ఎంత లోతుందో దేవుడికెరుక. మా దూడ ఒకటి మేత అనుకుని దానిమీదికి దిగింది. నలుగురు మగవాళ్ళు తాళ్ళేసి లాగితే గానీ బయటపడలేదు. నీటికోళ్ళు మాత్రం దానిమీద హాయిగా అటూ ఇటూ తిరిగేవి. "అదిగో అవి నడుస్తున్నాయిగా" అని నేనంటే బాబాయ్, "కోడి బరువెంత, నీ బరువెంతరా? పైగా దానికి రెక్కలున్నాయి, నీకు నోరుంది" అన్నాడు.

నడక కూడా ఒక విద్యే. చెప్పులు చేతిలో, మడమ కాకుండా ముందు వేళ్ళు ఆనాలి, వేళ్ళతో మట్టిని పట్టుకోవాలి. వెనక కాలు కుదురుకునేదాకా ముందు కాలు లేపకూడదు. చేతులు ఊపుకుంటూ నడిచేవాడు గట్టోడని దూరం నుంచే తెలిసిపోయేది. ఎదురుగా ఎవరైనా వస్తే గట్టు మీద ఇద్దరికి చోటుండదు. ఖాళీ చేతులతో ఉన్నవాడు నీళ్ళలోకి దిగాలి, బరువున్నవాళ్ళు పైన పోవాలి. చేపల కావిడి వస్తుంటే ఎవరైనా సరే దిగాల్సిందే. కావిడివాళ్ళు నడవరు, పరుగులాంటి నడక, బద్ద ఊగే లయకి కాళ్ళు పడుతుంటాయి, ఆగితే బరువు భుజం విరిచేస్తుంది. కావిడి మోసేవాళ్ళు దూరం నుంచే "హోయ్" అని కేకేసేవాళ్ళు. ఒకసారి ఖద్దరు చొక్కా వేసుకున్న పెద్దాయనెవరో ఓట్ల కోసం వస్తూ ఆ కేకకి అర్థం తెలీక నిలబడిపోయాడు. ఆయన పంచె సంగతి ఊరు చాలాకాలం చెప్పుకుంది.

నా సంగతి కూడా చెప్పేస్తాను. ఎనిమిదో తరగతి, అర్ధసంవత్సరం పరీక్షలు. ధనుర్మాసంలో కొల్లేటి మీద మంచు దిగితే చాపిన చెయ్యి కనపడదు. మేం అయిదుగురం పిల్లలం, ఒకడి సంచి పట్టుకుని ఇంకొకడు, దారంలో పూసల్లా పోయేవాళ్ళం. ముందు నడిచే పెద్దవాడికి ఆరోజు జ్వరం. దారి నాకు కొట్టినపిండి అని నేను ముందు నిలబడ్డాను. కళ్ళు పనిచెయ్యని మంచులో చెవులే దారి చూపిస్తాయి. ఎడంపక్క మావులు ఎత్తేవాళ్ళ దగ్గు, కుడిపక్క పరజల గుంపు రెక్కల చప్పుడు, ముందు ఎక్కడో బోదెలో నీళ్ళు జారే శబ్దం. రెండు ముళ్ళ కర్ర చేతికి తగిలింది. ఆ తర్వాత నాలుగడుగులకి తాటిపట్టె వంతెన. నాలుగు లెక్కపెట్టి కాలు పెట్టాను. తాటిపట్టె నా లెక్కకి అరడుగు ఎడంగా ఉంది.

గుండెల దాకా మునిగాను. వెనకవాడు నా సంచి వదల్లేదు కాబట్టి వాడూ వచ్చి నామీద పడ్డాడు. మిగతా ముగ్గురూ తెలివైనవాళ్ళు, వదిలేశారు. జామెట్రీ బాక్సు ఆ బోదెలో ఇప్పటికీ ఉండాలి. బడికి పోయేసరికి వణుకుతో పళ్ళు టకటకలాడుతున్నాయి. బంట్రోతు తన తువ్వాలు ఇచ్చాడు. ఆ తువ్వాలు కట్టుకుని లెక్కల పరీక్ష రాశాను. ముప్ఫై రెండు వచ్చాయి. చలి వల్ల వచ్చిన మార్కులని ఇంట్లో చెప్పాను, ఎవరూ నమ్మలేదు.

బళ్ళో మమ్మల్ని తేలిగ్గా పోల్చేవాళ్ళు. బావి దగ్గర ఎంత కడుక్కున్నా మోకాలి కింద బురద గీత ఒకటి మిగిలిపోయి, ఆరాక తెల్లగా తేలేది. "లంకోళ్ళొచ్చారు" అనేవాళ్ళు. ఆలస్యమైతే బయట నిలబెట్టే మాస్టారికి మంచు గురించి చెప్పి లాభం లేదు, ఆయన ఇల్లు బడి ఎదురుగా. నాకు అప్పట్లో ఆ గీత అంటే సిగ్గు. పొడుగు ప్యాంటు కోసం ఏడ్చింది అందుకే.

ఫాల్గుణంలో కొల్లేటికోట పెద్దింట్లమ్మ తీర్థం. సగం నీళ్ళు తీసి సగం ఉండే రోజులు. కొంతదూరం గట్టు, కొంతదూరం ఎండిన బురద పెచ్చులు, మధ్యలో కాలవ దగ్గర పడవ, మళ్ళీ నడక. నలువైపుల నుంచీ గట్ల మీద బారులు బారులుగా జనం, అన్ని బారులూ ఒకే చోటికి. మామ్మ ఆ నడకలోనే కథ చెప్పేది. కొల్లేటి మధ్యలో కోట ఉండేదట. చుట్టూ నీళ్ళు. శత్రువులు దండెత్తి వచ్చి ఒడ్డున దిగారు గానీ కోటదాకా నడిచిపోయే దారి లేదు. దారి కావాలంటే నీళ్ళు పోవాలి. నీళ్ళు పోవాలంటే సముద్రం వైపు కాలవ తవ్వాలి. తవ్వారు. ఆ సందట్లో ఓ సేనాపతి కన్నకూతుర్నే బలిచ్చాడట, అందుకే ఆ కాలవకి పేరంటాల కనుమ అని పేరు వచ్చిందంటారు. ఇది చరిత్రా కాదా అని నన్నడక్కండి. మామ్మ మాత్రం కోట పడిపోయిన సంగతి ఒక్క ముక్కలో తేల్చేసి, ఆ పిల్లకి ఎన్నేళ్ళుంటాయో, తల్లి ఏమనుకుని ఉంటుందో అని ఊరు చేరేదాకా మాట్లాడేది. నేను మాత్రం ఇంకో సంగతి దగ్గర ఆగిపోయేవాణ్ణి. నడిచిపోవడానికి దారి కోసం సరస్సునే ఖాళీ చెయ్యాలని తోచిందంటే, వాళ్ళు తప్పకుండా గట్టోళ్ళే అయ్యుంటారు.

వైశాఖానికి కొల్లేరు నేల అయిపోయేది. నల్లమన్ను ఎండి పలకలు పలకలుగా విచ్చుకుని, నెర్రెల్లో చెయ్యి పెడితే మోచేతి దాకా పోయేది. దాళ్వా పంట కోసిన మోళ్ళు అరికాళ్ళకి గుచ్చుకునేవి. అక్కడక్కడా మిగిలిన మడుగుల్లో పిల్లలం బురద కెలికి మట్టగిడసలు పట్టేవాళ్ళం, అదృష్టం బాగుంటే కొర్రమీను. ఇక గట్లతో పనిలేదు. ఊరి రావిచెట్టుకి వీపు పెట్టి, ఎదురుగా గట్టు మీది ఊరి గుడి దగ్గర జంటతాళ్ళకి ముఖం పెట్టి నడవడమే. ముప్పావుగంట. కష్టమల్లా మిట్టమధ్యాహ్నం. ఎండమావులు లేచి, ఎండిన కొల్లేరు మళ్ళీ నిండినట్టు కనిపించేది. చెట్లు మొదళ్ళు లేకుండా గాల్లో తేలుతుండేవి. నీళ్ళున్నప్పుడు దారి ఎక్కడుందో తెలియదు, లేనప్పుడు నీళ్ళున్నట్టు కనిపిస్తాయి.

మా లంకల్లో పెళ్ళిళ్ళన్నీ వైశాఖంలోనే ఎందుకయ్యేవో నాకు పెద్దయ్యాక తెలిసింది. పంతులుగారు ముహూర్తబలం అనేవారు గానీ, అసలు సంగతి ఎడ్లబండి. పెళ్ళివారి బళ్ళు ఊళ్ళోకి రాగలిగేది ఆ నెలన్నరే. మా అమ్మ అలా బండి మీద వచ్చింది. మొదటిసారి పుట్టింటికి వెళ్ళింది మాత్రం శ్రావణంలో, దోనెలో. ఏడుస్తూ వెళ్ళిందని మామ్మ అనేది. పుట్టింటికి వెళ్తూ ఏడవడమేంటని నేనడిగితే, "నీళ్ళంటే భయంరా దానికి, గట్టుపిల్ల కదా" అంది.

మధ్యలో ఒక మాట. కొల్లేటికి అటు, పశ్చిమగోదావరి వైపు, బండిదారిని పుంత అంటారు. ఇటు కృష్ణా వైపు వస్తే అదే డొంక. అమ్మమ్మగారింట్లో "పుంతలోకి వెళ్ళి ఆడుకో" అనేవాళ్ళు, మామ్మ దగ్గర "డొంకలోకి పోవద్దు" అనేది. రెండూ వేర్వేరు చోట్లని చాలాకాలం అనుకున్నాను. పుంతలో ఆడుకోవచ్చు, డొంకలో దెయ్యాలుంటాయి అని.

చేపల చెరువుల సంగతికి వస్తున్నాను. 1970ల్లో ప్రభుత్వమే సొసైటీలు పెట్టించి చెరువులు తవ్వించింది. నేను కాలేజీకి వెళ్ళే రోజులకి సొంత చెరువులు, లీజు చెరువులు మొదలయ్యాయి. 1990లు వచ్చేసరికి కొల్లేరు గళ్ళలుంగీలా అయిపోయింది. ఎటు చూసినా చతురస్రాలు, వాటి చుట్టూ లారీ పట్టేంత గట్లు. నిజం చెప్పాలి, మొదట్లో మాకు పండగే. బురద లేదు, జలగ లేదు, ఊళ్ళోకి సైకిలు వచ్చింది, తర్వాత బండి, తర్వాత ఐసు డబ్బాల లారీ. చెరువుగట్టు మీద సైకిలు తొక్కుతూ నేను ఈలలేసినవాణ్ణే. నాన్న కూడా మా నాలుగెకరాలు లీజుకిచ్చాడు. నా చదువు ఆ డబ్బుతోనే సాగింది. కాబట్టి చెరువుల్ని తిట్టే హక్కు నాకు పెద్దగా లేదు.

తాతయ్య మాత్రం ఆ గట్ల మీద నడవడానికి ఇష్టపడేవాడు కాదు. ఆయనకి కోపం మూలల మీద. "ఎదురుగా కనపడే ఊరికి నాలుగు మూలలు తిరిగి పోవాలేంట్రా, గుడి చుట్టూ ప్రదక్షిణంలాగా" అనేవాడు. ఆయన దారులు వంకరగా ఉండేవి గానీ నీళ్ళు పోయే తోవని చూసి వంగేవి. చెరువుగట్లు నీళ్ళకి అడ్డంగా నిలబడ్డాయి. వరద వస్తే ఉప్పుటేటికి పోయే తోవ లేక నీళ్ళు మా వీధుల్లో నిలబడటం మొదలుపెట్టాయి. 1991లో తాతయ్య పోయాడు. ఆయన గెడని పాక వాసానికి కట్టేశారు, కొన్నాళ్ళు దానిమీద బట్టలారేశారు.

ఆ తర్వాతి సంగతులు అందరికీ తెలిసినవే, గబగబా చెప్పేస్తాను. 1999లో ఐదో కాంటూరు దాకా, అంటే సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తు దాకా, 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యం అన్నారు. 2002లో రామ్‌సర్ జాబితాలో, అంటే ప్రపంచంలో ముఖ్యమైన చిత్తడి నేలల జాబితాలో, చేరింది. 2006లో ఆపరేషన్ కొల్లేరు అని పొక్లెయిన్లు దించి చెరువుగట్లు కొట్టేశారు. అప్పటికి నేను హైదరాబాద్‌లో ఉన్నాను, టీవీలో చూశాను. మా ఊళ్ళో సగంమంది ఏడ్చారు, సగంమంది చూస్తూ ఊరుకున్నారు. ఇంటికి ఫోన్ చేస్తే అమ్మ ఒకటే అంది: "గట్లు పోయాయి సరే, ఇప్పుడు నడిచేదెట్టారా?" పాత దారి ఎవరికీ గుర్తులేదు. గుర్తున్నా గెడ పట్టుకుని దిగేవాళ్ళు లేరు, తొక్కించడానికి గేదెలూ లేవు. కొల్లేరు కొంత తెరుచుకుంది, పక్షులు సంతోషించే ఉంటాయి, కానీ పిల్లబాట మాత్రం పడలేదు. తర్వాత మెల్లమెల్లగా చెరువులు మళ్ళీ లేచాయి. కాంటూరు మూడు దాకా తగ్గించాలా అయిదే ఉంచాలా అనే మాట ఇప్పటికీ నడుస్తూనే ఉంది.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడని ముంచినప్పుడు ఆ నీళ్ళన్నీ ఎక్కడికి పోతాయో టీవీలో ఎవరూ చెప్పకముందే మాకు తెలుసు. లంకలకి వెళ్ళే రోడ్లు మునిగాయి, మళ్ళీ పడవలు దిగాయి. తర్వాతి సంక్రాంతికి నేను ఊరెళ్ళాను.

తమ్ముడు, అంటే బాబాయ్ కొడుకు, కైకలూరులో బస్సు దగ్గరికి బండి తెచ్చాడు. ఆటపాక దగ్గర గూడబాతులు చూసేవాళ్ళ కార్లు ఆగి ఉన్నాయి. చెరువుగట్టు మీదికి ఎక్కాం. మూల, మళ్ళీ మూల. ఒకచోట, ఇక్కడే కదరా తాటిపట్టె ఉండేది అని బండి ఆపించి దిగాను. రెండు చెరువుల మధ్య కాస్త సందులో తుంగ, జమ్ము పెరిగి ఉన్నాయి. చెప్పులు విడిచి దిగబోతుంటే వెనక నుంచి కుక్కలు మొరిగాయి, కాపలా కుర్రాడొకడు టార్చి పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు, పట్టపగలు టార్చి. "ఎవరండీ మీరు? చెరువు దగ్గర దిగకూడదండి, ఓనరుగారు ఊరుకోరు."

మాది ఈ ఊరే అన్నాను. ఈ ఊరివాళ్ళెవరూ ఇక్కడ దిగరండి అన్నాడు. మాటల్లో తేలిందేమిటంటే, వాడు ఎక్కణ్ణుంచో జీతానికి వచ్చినవాడు, ఆ గుడిసెలో రెండేళ్ళుగా ఉంటున్నాడు. చేపల్ని ఎవరూ ఎత్తుకుపోకుండా చూడటం వాడి పని, వాడి తప్పేం లేదు. నేను ఒక కాలు అప్పటికే దింపేశాను. చీలమండ దాకా దిగింది, అక్కడితో ఆగింది. వేళ్ళ సందుల్లోంచి మన్ను పైకి లేచింది. కాస్త తీసి రెండు వేళ్ళతో నలిపి వాసన చూశాను. తమ్ముడు నన్నదోలా చూశాడు. గరగరలాడినట్టే అనిపించింది. చేపలమేత వాసన కూడా వచ్చింది, అదెక్కడిదో చెప్పలేను.

ఇంటికి చేరేసరికి మా అత్తయ్య అరుగు మీద ఉంది. మావయ్య పోయాక పుట్టింటికే వచ్చేసింది. ఎనభై దాటాయి, చూపు బాగా మందగించింది. కాళ్ళకి నీళ్ళిమ్మని లోపలికి కేకేసి, నా చెయ్యి తడిమి పట్టుకుంది.

"ఏ దారిన వచ్చేవురా?"

"బండి మీద వచ్చేనత్తయ్యా."

"బండి సంగతి కాదురా. నీళ్ళెక్కడిదాకా ఉన్నాయి?"

నేను తమ్ముడి ముఖం చూశాను. తమ్ముడు నా ముఖం చూశాడు.